మాత్ర దోషము కాదు, ‘మాత్రమే’ దోషము

శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామికి నమస్కరించి, ఒక దృష్టాంతముతో ఆరంభించుచున్నాను.

కదిరి నుండి పులివెందులకు పోవు దారిలో తలుపుల ఉన్నది. ఆ మండలమున ఒక వేరుశనగ రైతును భావించండి. ఇతడు ఫలానావాడు అని కాదు. పాత అనంతపురం జిల్లాలో ఏ పల్లెకు పోయినను ఇట్టివాడు ఎదురగును. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నేల అది. ఆ కొద్దిపాటి వానయు సకాలమున రాదు. ఊడలు దిగు వేళకు మబ్బు ముఖము చాటేసినది. రెండు బోర్లు ఎండినవి. మూడవ బోరుకు చేసిన అప్పు మిగిలినది, నీరు పడలేదు. కుమారుడు బెంగళూరుకు పనికి పోయినాడు. మూడు నెలలుగా ఇతనికి నిద్ర లేదు, తిండి సహింపదు, పలుకరించినను మాట లేదు. ప్రతి శనివారము తప్పక గుడికి పోవువాడు ఇంటి అరుగు దిగుట మానినాడు.

నలుగురు వచ్చి నాలుగు తీర్పులు చెప్పినారు. చదువుకొన్న బంధువు, “మెదడులో ఒక రసాయనము తగ్గినది, అంతే” అన్నాడు. జాతకము చూచినవాడు, “ఏలినాటి శని, అంతే” అన్నాడు. లెక్కలు తెలిసినవాడు, “అప్పు తీరిన సరి, అంతే” అన్నాడు. ఊరి పెద్ద, సత్సంగములకు తప్పక వచ్చువాడు, “పూర్వజన్మ కర్మ, అనుభవింపవలసినదే, అంతే” అని నిట్టూర్చినాడు.

ఈ నలుగురును పరస్పర విరోధులమని తలంచుచున్నారు. కాని నలుగురి సిద్ధాంతమును ఒకటే. అది ‘అంతే’ అను మాటలో ఉన్నది. ఒక మనుష్యుని సమస్త చేష్టను ఒక్క కారణమునకు కుదించి, మిగిలినవానిని లేనివిగా ప్రకటించుటనే పాశ్చాత్యులు రిడక్షనిజం అందురు. మనము లఘూకరణవాదము అందము. దానికి ప్రతిపక్షము హోలిజం, అనగా సమగ్రతావాదము. మనస్తత్త్వశాస్త్రమున ఈ వివాదము నూరేండ్లకు పైబడి సాగుచున్నది. మన దర్శనములలో అంతకంటె ఎంతో పూర్వమే సాగినది. కనుక పూర్వుల పద్ధతినే అనుసరించి, ముందు ప్రతివాదికి అతని పూర్తి బలమును ఇచ్చి, పిమ్మట విచారింతము.

పూర్వపక్షము

లఘూకరణవాది ఇట్లు చెప్పును: దేహము కంటె వేరుగా మనస్సును ఎవడును చూడలేదు. దేహమున్నంతసేపు చైతన్యము కనబడును, దేహము పోగానే అది కనబడదు. గళమునందలి థైరాయిడ్ గ్రంథి మందగించినచో ఉత్సాహవంతుడును నిరుత్సాహమున మునుగును. మందు వేసినచో తేరుకొనును. మత్తుమందు ఇచ్చినచో మహాపండితునకును స్మృతి ఉండదు. 1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అను కార్మికుని తలలో నుండి ఇనుపకడ్డీ దూసుకుపోయినది. అతడు బ్రతికినాడు గాని, అతని స్వభావము మారిపోయినదని అతనిని ఎరిగినవారే చెప్పినారు. ఇన్ని నిదర్శనములుండగా ఆత్మ ఎందుకు? మనస్సు అను మాట మాత్రము ఎందుకు?

ఇది నిన్నటి వాదము కాదు. సుర కాచునప్పుడు విడివిడి పదార్థములలో లేని మదశక్తి వాని కలయికలో పుట్టినట్లే, భూతముల కలయికలో చైతన్యము పుట్టుచున్నదని చార్వాకులు చెప్పినారు. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ మనస్సును పూర్తిగా ప్రక్కకు నెట్టి, బాహ్యచేష్టయే శాస్త్రమునకు విషయమన్నాడు. 1994లో ఫ్రాన్సిస్ క్రిక్ మన సుఖదుఃఖములు, స్మృతులు, ఆకాంక్షలు అన్నియు నాడీకణముల వ్యాపారమునకు మించినవి కావని ఒక గ్రంథమే వ్రాసినాడు. పేర్లు మారినవి, పరికరములు సూక్ష్మమైనవి. ప్రతిజ్ఞ మాత్రము అదే.

మొదట ఒప్పుకొనవలసినది

ఇచ్చట మన ఆస్తికులు చేయు తొందరపాటును చెప్పవలెను. దేహము మనస్సును శాసించునని వినగానే ఉలికిపడి, “ఇది నాస్తికము” అందురు. ఉపనిషత్తు అట్లు ఉలికిపడలేదు.

ఛాందోగ్యమున ఉద్దాలకుడు మనస్సు అన్నమయమని కుమారునికి చెప్పినాడు. మాటతో ఊరుకొనక పరీక్ష చేయించినాడు. శ్వేతకేతువు పదునైదు దినములు నీరు మాత్రము త్రాగి ఉపవసించినాడు. వేదము చెప్పుమనగా ఒక్క ఋక్కును స్ఫురింపలేదు. భోజనము చేసి వచ్చిన పిమ్మట అడిగినదంతయు చెప్పినాడు. ఆధునికుడు ప్రయోగము అని దేనిని అనునో దాని లక్షణములు ఇందులో ఉన్నవి: ఒక్క కారణమును తొలగించుట, ఫలమును చూచుట, కారణమును తిరిగి చేర్చి మరల చూచుట. స్మృతికి అన్నము ఆధారమని గురువే నిరూపించినాడు.

తైత్తిరీయమున భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని గ్రహించినాడు. నేటి భాషలో అది భౌతికవాదము. తండ్రి వరుణుడు కోపింపలేదు, తప్పనియు అనలేదు. ఇంకను తపస్సు చేయుమన్నాడు. ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లు ఎక్కి భృగువు ఆనందమునకు చేరినాడు. ఏ మెట్టును కూలద్రోయలేదు. ఏ మెట్టునను కూర్చుండిపోలేదు.

కనుక విభజించి చూచుట మనకు శత్రువు కాదు. మర్రిపండును పగులగొట్టుమని, అందలి గింజను చీల్చుమని కుమారునికి చెప్పినవాడు ఉద్దాలకుడే. మన విరోధమంతయు చీల్చుటతో కాదు, చీల్చిన పిమ్మట “ఇక ఏమియు లేదు” అని లేచిపోవుటతోనే. శ్వేతకేతువు ఏమియు కనబడలేదన్నాడు. ఆ కనబడని అణిమ నుండియే ఈ మహావృక్షము నిలిచినదని తండ్రి అక్కడ నుండి బోధను ఆరంభించినాడు. లఘూకరణవాదికి పాఠము ముగిసిన చోట ఉపనిషత్తునకు పాఠము మొదలగుచున్నది.

ఖండనము

మొదటిది, శంకరభగవత్పాదుల యుక్తి. బ్రహ్మసూత్రముల తృతీయాధ్యాయమున దేహాత్మవాదమును పరీక్షించుచు వారు దీపమును చూపినారు. దీపమున్న గదిలో వస్తువు కనబడును. దీపము లేనిచో కనబడదు. అంతమాత్రమున చూచుట దీపముయొక్క ధర్మమగునా? కాదు. దీపము ఉపకరణము. అట్లే దేహమున్నప్పుడు తెలివి ప్రకటమగుట, లేనప్పుడు కాకుండుట, దేహము ఉపకరణమని చెప్పుటకు చాలును గాని, దేహమే తెలివి అని చెప్పుటకు చాలదు. థైరాయిడ్, మత్తుమందు, గేజ్ తలకు తగిలిన గాయము, ఈ మూడును దీపము పొగచూరిన నిదర్శనములే. సహభావమునకు, తాదాత్మ్యమునకు గల భేదమును మరచుటయే పూర్వపక్షియొక్క మూలదోషము.

రెండవది, చేష్టకు అర్థమున్నది. కదిరి ఆలయమున ఒకడు తల వంచి చేతులు మోడ్చినాడు. వడ్డీవ్యాపారి గుమ్మమునందు అతడే తల వంచి చేతులు మోడ్చినాడు. రెండుచోట్ల వంగిన వెన్నెముక ఒకటే, ముడుచుకొన్న కండరములు అవియే. శరీరమును ఎంత సూక్ష్మముగా కొలిచి లెక్క వ్రాసినను, ఆ లెక్క మొదటిది ప్రపత్తి అనియు, రెండవది దైన్యమనియు చెప్పదు. అది తెలియుటకు అతడు ఎవరి ఎదుట నిలిచినాడో, ఎందుకు నిలిచినాడో, ఏమి నమ్మినాడో తెలియవలెను. మెదడులోని భేదమును యంత్రము చూపునని వాది అనవచ్చును. చూపనిమ్ము. ఆ రెండు చిత్రములలో ఏది భక్తి, ఏది భయము అని పేరు పెట్టుటకు ఆ మనుష్యునే అడుగవలెను గదా! పైమెట్టు అర్థమును ముందుగా అప్పు తెచ్చుకొని, పిమ్మట పైమెట్టే లేదనుట ఋణము ఎగవేయుట వంటిది.

మూడవది, ప్రహ్లాదుడు. మానవచేష్ట అంతయు శిక్షణఫలమని, ఆరోగ్యవంతులైన శిశువులను తన చేతికి ఇచ్చినచో ఎవనిని ఏ వృత్తికైనను మలచగలనని వాట్సన్ ప్రగల్భము పలికినాడు. ఆ ప్రయత్నమును ముందే చేసి చూచినవాడు హిరణ్యకశిపుడు. వంశము తనదే. గురువులు తాను నియమించిన చండామార్కులే. పాఠము తాను కోరిన దండనీతియే. భయము పెట్టినాడు, విషము పెట్టించినాడు, ఏనుగులతో త్రొక్కించినాడు. బాలుడు మారలేదు. గర్భమున నారదోపదేశము విన్నాడు గదా, అదియు ఒక శిక్షణయే గదా అని వాది అనును. కాని ఉపదేశము అర్థమును గ్రహించువానియందే ఫలించును. ఘంటానాదమునకు నోరూరుట వంటిది కాదు అది. ఆ గ్రహించువానిని లెక్కలో చేర్చనందుననే హిరణ్యకశిపుని ప్రయోగము విఫలమైనది.

నాలుగవది, వారి శాస్త్రమే ఇచ్చిన సాక్ష్యము. సెరటోనిన్ తగ్గుటచేత విషాదరోగము కలుగునని దశాబ్దములపాటు లోకమున ప్రచారమైనది. 2022లో జోవన్నా మోంక్రీఫ్, ఆమె సహచరులు అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఆ కారణకార్యసంబంధమునకు నిలకడగల ఆధారము కనబడలేదని ప్రకటించినారు. ఇచ్చట జాగ్రత్త అవసరము. దీనివలన మందులు వ్యర్థములని సిద్ధింపదు. తలనొప్పికి మాత్ర వేసుకొన్న తగ్గును. అట్లని దేహమున ఆ మాత్ర కొరవడుటచేత తలనొప్పి వచ్చినదని ఎవ్వరును అనరు. ఉపశమనము వేరు, కారణనిర్ణయము వేరు. వైద్యుడు వ్రాసిన మందును ఈ వ్యాసము చదివి ఎవరును మానరాదు. మాత్ర దోషము కాదు, ‘మాత్రమే’ దోషము.

మన ఇంటిలోని లఘూకరణవాదము

ఇంతవరకు చదివి తృప్తిపడిన ఆస్తిక మహాశయులు ఇక వినవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము వాట్సను కాదు, క్రిక్కు కాదు. ఆ రైతు ఇంటి అరుగుమీద “కర్మ, అంతే” అన్న మన సత్సంగపు పెద్ద.

అతడు ఆధ్యాత్మికుడనని తలంచుచున్నాడు. నిజమునకు అతడును లఘూకరణవాదియే. ఒకడు మనుష్యుని రసాయనమునకు కుదించినాడు. ఇతడు కర్మకు కుదించినాడు. మొదటివాడు కనీసము మందైనను ఇచ్చినాడు. ఇతడు ఏమియు ఇయ్యక, ఆ దుఃఖితుని తలపై మరియొక అపరాధమును మోపి పోయినాడు. మూడు నెలలుగా నిద్రలేనివానికి “నీవు చేసికొన్నదే” అను మాట ఎట్లు వినబడునో అతడు ఆలోచింపలేదు. ఏ రాత్రి ఆ మాటయే అతనికి చివరి మాట అగునో ఎవరికి ఎరుక? వేరుశనగ ఎండిన సంవత్సరములలో ఈ ప్రాంతమున ఎన్ని ఇండ్లలో దీపములు ఆరినవో ఎరిగినవారమే మనము.

కర్మసిద్ధాంతము అసత్యమని నేను చెప్పుట లేదు. దానిని అతడు అపశాస్త్రముగా వాడినాడని చెప్పుచున్నాను. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధచేష్టలు, ఐదవది దైవము. గమనింపుడు, దైవము ఐదింటిలో ఒకటి. అధిష్ఠానము దేహము, దానికి అన్నము, నిద్ర, మందు కావలెను. కరణములు ఇంద్రియములు, మనస్సు. వానికి విశ్రాంతి, ఆశ్వాసము కావలెను. ఐదును ఉండగా నాలుగింటిని చెరిపివేసి ఐదవది ఒక్కటే మిగుల్చువాడు గీతను చదివినవాడు కాడు, గీతను కుదించినవాడు.

చరకుడును ఇట్లే చెప్పినాడు. చికిత్స మూడు విధములు: మంత్రజపహోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయము; ఆహారౌషధములను యుక్తిగా కూర్చు యుక్తివ్యపాశ్రయము; మనస్సును అహితమునుండి మరల్చు సత్త్వావజయము. మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపినాడు. ఒకటి ఉన్నది గదా అని మిగిలినవానిని తొలగింపలేదు. అర్చన చేయించి ఆసుపత్రి మాన్పించువాడు, మందు ఇచ్చి దేవునిగదికి తాళము వేయించువాడు, ఇద్దరును చరకునికి దూరమే.

సమగ్రత అను పేరిట జరుగు మోసము

ఇక సమగ్రతావాదమును గూర్చి ఒక హెచ్చరిక. ‘అంతయు ఒకటే, అన్నియు పరస్పరసంబద్ధములే’ అని కన్నులు మూసికొని పలుకుట సులభము. ఆ మాటతో ఒక్క జ్వరమును తగ్గలేదు. హోలిజం అను పదమును 1926లో తన గ్రంథమున పుట్టించినవాడు దక్షిణాఫ్రికా నాయకుడు జాన్ స్మట్స్. అచ్చట భారతీయుల హక్కులకై గాంధీజీ పోరాడినది ఇతడు మంత్రిగా ఉన్న ప్రభుత్వముతోనే. ప్రకృతి అంతటను పూర్ణతను చూచిన ఆ కన్నులు, తన దేశమున నల్లవారిని తెల్లవారితో సమానులుగా చూడజాలక పోయినవి. పూర్ణమును గూర్చి మాటలాడువాడు ఎదుటనున్న ఒక్క మనుష్యుని విడిచినచో ఆ పూర్ణమునకు విలువ ఏమి?

కనుక పూర్ణత అనగా భాగములను మరచుట కాదు. గౌతముని న్యాయసూత్రములు అవయవి అను పేరిట ఈ విషయమునే చర్చించినవి. కుండను అంచున పట్టి ఎత్తిన కుండ అంతయు లేచును. విడివిడి అణువుల కుప్ప అయినచో చేతికి అందిన భాగము మాత్రమే రావలెను. అవయవికి పారమార్థికసత్త్వము ఉన్నదా అను విషయమున అద్వైతులు నైయాయికులతో విభేదింతురు. వ్యవహారమున మాత్రము ఈ దృష్టాంతము మనకు ఉపకరించును. మనుష్యుని ఏ అంచున పట్టినను మనుష్యుడంతయు కదలును. నిద్ర వచ్చినచో ఆశ కొంత లేచును. అప్పు వాయిదా పడినచో ఆకలి లేచును. ఒక్కడు ప్రక్కన కూర్చుండి విన్నచో ప్రార్థన లేచును.

కదిరికి సమీపమున గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. దాని విస్తృతికి 1989లో గిన్నిస్ గ్రంథమున స్థానము లభించినది. ఇంచుమించు ఐదెకరములు పరచుకొన్న ఆ వృక్షము క్రింద నిలిచినవానికి అసలు బోదె ఏదో తోచదు. ఏ ఊడను చూపి “ఇదియే మాను” అన్నను అసత్యమే. ఊడలన్నియు మిథ్య, మాను ఒక్కటే సత్యమని కూర్చున్నను ఆ మాను నిలువదు. లేత ఊడ నేలకు దిగువరకు దానిని కాపాడవలెను. ఎరువు, నీరు దానికి అందింపవలెను. పూర్ణమును ప్రేమించువాడు ఊడ ఊడకును సేవ చేయును.

సిద్ధాంతము, ప్రయోజనము

సిద్ధాంతము సంగ్రహముగా ఇది: విశ్లేషణము సాధనముగా గ్రాహ్యము, తీర్పుగా త్యాజ్యము. ప్రతి కోశమునకును తన ధర్మమున్నది, తన చికిత్స ఉన్నది. ఏ కోశమును తానే పురుషుడనరాదు. సాక్షి ఏ కోశమునకును చిక్కడు. ఆ సాక్షి పేరు చెప్పి ఏ కోశమును ఎండబెట్టుటకును మనకు అధికారము లేదు.

ఇది వైద్యశాస్త్రమునకును క్రొత్త కాదు. 1977లో జార్జి ఎంగెల్ అను వైద్యుడు, రోగమును దేహము, మనస్సు, సమాజము అను మూడింటిలోను చూడవలెనని వాదించినాడు. అంతకు రెండు దశాబ్దముల ముందే అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ మానసికరోగుల బంధువులను వారితోపాటు ఆసుపత్రి ఆవరణమున గుడారములలో ఉంచి చికిత్స చేసినాడు. 1954లో ఆరంభమైన బెంగళూరు సంస్థ, నేటి నిమ్హాన్స్, కుటుంబమును చికిత్సలో చేర్చు పద్ధతిని పెంపొందించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడని భావించి, శిక్షకు బదులు సంరక్షణను విధించినది. చట్టమే అపరాధము మోపుట మానినది; సత్సంగము ఇంకను మోపుచున్నచో సిగ్గుపడవలసినది ఎవరు?

కనుక తలుపులలోనే కాదు, మీ ఊరిలోను ఇట్టి అరుగు ఒకటి ఉండును. సాధకులారా, అచ్చటికి వెళ్లినప్పుడు తీర్పు వెంట తీసికొని పోకుడు. మొదట కూర్చుండండి. తిన్నావా, నిద్రపోయినావా అని అడుగుడు. అది అన్నమయమునకు చేయు అర్చన. చనిపోవలెనని తోచుచున్నదా అని సూటిగా, మృదువుగా అడుగుటకు వెనుదీయకుడు. అడిగినందున ఆ తలంపు పుట్టదు, చెప్పుకొను దారి దొరకును. తోచుచున్నదన్నచో అతనిని ఒంటరిగా విడువక, వైద్యునికడకు మీరే తోడుపోవలెను. రాత్రివేళ అయినచో 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఫోను చేయుడు. అది ప్రభుత్వము ఏర్పరచిన ఉచిత సహాయము, తెలుగులోను పలుకుదురు. అప్పు సంగతి తెలిసినవానిని బ్యాంకునకు తోడుగా పంపుడు. కుమారునికి కబురు చేయుడు. ఇవన్నియు జరుగుచుండగా, అతడు కోరినప్పుడు, ప్రక్కన కూర్చుండి స్వామి నామము చెప్పుడు. అప్పుడు ఆ నామము అతనికి భారము కాదు, ఆధారమగును.

మనుష్యుడు కాదు, మృగము కాదు; లోపల కాదు, వెలుపల కాదు; పగలు కాదు, రాత్రి కాదు. హిరణ్యకశిపుడు పెట్టిన ఏ గీతలోను ఇమడని రూపముతో గడపమీద నిలిచినవాడు మన కదిరి దైవము. అట్టి దైవమును కొలుచు మనము, ఎదుటి మనుష్యుని ఒక్క మాటలో ఇమిడ్చి లేచిరాదగునా?

స్వస్తి.